మా పాప బాట్ మిత్స్వా: సేవా ప్రాజెక్టుకి ఏం చేయిస్తే బాగుంటుంది?

తెనాలి వల్లి
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఫిలడెల్ఫియా దగ్గర ఉంటాం. మావారు యూదులు, నేను తెనాలి అమ్మాయిని. పిల్లల్ని యూదు పద్ధతిలో పెంచుదామని పెళ్లికి ముందే అనుకున్నాం. ఇంట్లో భోగిపళ్లూ పోశాం, శుక్రవారం చీకటి పడకముందు కొవ్వొత్తులూ వెలిగిస్తాం. రెండింటికీ ఎవరూ పేచీ పెట్టలేదు.

పాపకి వచ్చే మే నెలలో బాట్ మిత్స్వా. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యూదుల శాస్త్రం ప్రకారం అబ్బాయికి 13, అమ్మాయికి 12 నిండితే పెద్దవాళ్ల కింద లెక్క. ఆ సందర్భంగా చేసే వేడుకని అబ్బాయికైతే బార్ మిత్స్వా, అమ్మాయికైతే బాట్ మిత్స్వా అంటారు. మేం వెళ్లేది రిఫార్మ్ అనే, పాత నియమాలని కాలానికి తగ్గట్టు మార్చుకునే శాఖవాళ్ల సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం). అక్కడ ఇద్దరికీ 13కే చేస్తారు. ఆ శనివారం పాప తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చుట్టలోంచి ఆ వారం భాగాన్ని హీబ్రూలో చదవాలి, దాని మీద తను ఆలోచించుకున్నది నలుగురి ముందూ మాట్లాడాలి. మా పాపకి వచ్చింది లేవీయకాండం 25వ అధ్యాయం. ఏడేళ్లకోసారి పొలాన్ని బీడుగా వదలడం, 50వ ఏట అమ్ముకున్న భూములు మళ్లీ పాత కుటుంబాలకి చేరడం, అప్పుల్లో పడి బానిసలైనవాళ్లని విడిచిపెట్టడం, అదంతా అందులోనే ఉంటుంది. మా ఊరి లిబర్టీ బెల్ మీద చెక్కిన వాక్యం కూడా ఈ అధ్యాయంలోదే. పాపకి ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ ఒకటే సంబరం.

ఇక అసలు విషయం. వీటితోపాటు సేవా ప్రాజెక్ట్ ఒకటి చేయాలి. మా నాన్నగారు చదువుకున్న ఊరి బడికి బెంచీలు, పుస్తకాలు కొనడానికి ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ పెడదామని నా ఆలోచన. మావారికి సరే. మా అత్తగారు మాత్రం "డబ్బు మీ చుట్టాలు ఇస్తారు, పేజీ నువ్వు తయారు చేస్తావు, మరి పిల్ల చేసేదేమిటి?" అన్నారు. కోపం వచ్చింది కానీ జవాబు దొరకలేదు. మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే చెప్పండి.

ఎడిసన్ నాన్న
శుక్రవారం, రాత్రి 10:15

వల్లి గారూ, మీ అత్తగారికి నా ఓటు. మావాడు ఏడో తరగతిలో ఉన్న ఏడాది శనివారం వస్తే చాలు, ఎవరో ఒక ఫ్రెండ్‌ది బార్ మిత్స్వా. సూటు, కింద స్నీకర్లు. పొద్దున ప్రార్థన, సాయంత్రం డీజే. ప్రతి పిల్లాడికీ ఒక ప్రాజెక్ట్. ఒకడు వాడేసిన క్రేయాన్లు, ఒకడు పాత బూట్లు, ఒకమ్మాయి కుక్కల షెల్టర్‌కి దుప్పట్లు. మంచివే, కాదనను. కానీ చూస్తుంటే కాలేజీ అప్లికేషన్ వ్యాసానికి మొదటి పేరా ఇప్పట్నుంచే రాస్తున్నట్టు అనిపించేది.

అయినా ఇది మన ఒడుగు లాంటిదే కదా. ఒడుగు చేసిన కుర్రాడిని ప్రాజెక్ట్ చేయమని ఎవరైనా అడిగారా?

వాదం వేంకటేశం
శనివారం, ఉదయం 6:05

ఎడిసన్ గారూ, ఒడుగుతో పోలిక అందరూ పెడతారు గానీ అసలు చోట కుదరదు. ఒడుగు చేస్తేనే ఆ అధికారం వస్తుంది, చేయకపోతే రాదు. పైగా అది ఎవరికి చేస్తారు, ఎవరికి చేయరు అన్నది వేరే పెద్ద గొడవ. యూదుల దగ్గర వేడుక చేసినా చేయకపోయినా, హీబ్రూ పంచాంగం ప్రకారం 13 నిండిన రోజున ఆ పిల్లాడి మీద ధర్మం పడుతుంది. వాళ్ల పాత ధర్మగ్రంథం మిష్నాలోనే ఉంది, 13 ఏళ్లకి ఆజ్ఞలు అని. హాలు బుక్ కాలేదనో, నాన్న దగ్గర డబ్బు లేదనో అది ఆగదు.

ఇంకో మాట. చాలాచోట్ల ఆ రోజు తండ్రి చిన్న ఆశీర్వచనం చదువుతాడు: వీడి తప్పులకి ఇక నేను జవాబుదారీ కాదు, దేవుడికి స్తోత్రం అని. మన తండ్రులు నలభై ఏళ్లొచ్చినా ఆ మాట అనరు!

కాల్గరీ కామాక్షి
శనివారం, ఉదయం 8:30

అడ్డు వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పదమూడేళ్ల పిల్ల హీబ్రూలో అంత ఎలా చదువుతుంది వల్లీ? బట్టీయా?

తెనాలి వల్లి
శనివారం, మధ్యాహ్నం 1:20

సగం బట్టీ, సగం నిజం చదవడం. తోరా చుట్టలో అచ్చుల గుర్తులు ఉండవు, ఎక్కడ విరామం ఇవ్వాలో ఉండదు, ఏ రాగంలో పలకాలో ఉండదు. ఉత్త హల్లులు. అందుకని ఇంట్లో ఒక అచ్చు పుస్తకంతో సాధన చేస్తారు. ఒక పక్క గుర్తులన్నీ ఉన్న పాఠం, పక్కనే చుట్టలో ఉన్నట్టే బోసిగా ఉన్న పాఠం. ముందు ఇది చూసి, తర్వాత అది చూసి. ఏడాదిపైనే పడుతుంది. చుట్టని చేత్తో తాకకూడదు, చివర చిన్న వేలు బొమ్మ ఉండే వెండి పుల్లతో అక్షరాల వెంట జరుపుకుంటూ పోవాలి. పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉంటారు, తప్పు పలికితే అక్కడికక్కడే దిద్దుతారు. పాపకి ఉన్న టెన్షన్ అంతా దాని గురించే, ప్రాజెక్ట్ గురించి కాదు. ప్రాజెక్ట్ టెన్షన్ నాది.

హైఫా పోస్ట్‌డాక్
శనివారం, రాత్రి 8:50

షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా యూదులు పని మానే రోజు) అయ్యేదాకా ఆగి రాస్తున్నా, మా ఇంటి ఓనర్ గారి ప్రభావం అనుకోండి.

ఈ సేవా ప్రాజెక్ట్ అన్నది అమెరికా యూదుల ఏర్పాటు. ఇక్కడ ఇజ్రాయెల్‌లో అందరూ చేయరు. మా ల్యాబ్‌లో సగంమంది పెద్దగా గుడికి వెళ్లనివాళ్లు. వాళ్ల అబ్బాయిలకి సోమవారమో గురువారమో జెరూసలేం వెళ్లి పశ్చిమ గోడ దగ్గర తోరా చదివించి వచ్చేస్తారు, ఎందుకంటే శనివారంతోపాటు ఆ రెండు రోజులూ తోరా చదివే రోజులే. తర్వాత హాల్లో పార్టీ. కిబ్బుట్జ్‌లలో, అంటే అందరూ కలిసి పని చేసుకుని బతికే ఊళ్లలో పెరిగినవాళ్లది వేరే కథ. ఆ ఏడు 13 నిండే పిల్లలందరికీ కలిపి ఒకే వేడుక, దానికి ముందు ఏడాదంతా వాళ్లకి పనులు అప్పజెప్పేవాళ్లు. పొలంలో, పశువుల దగ్గర, ముసలివాళ్ల ఇళ్లలో. అక్కడ దేవుడి పేరు తక్కువ, పని ఎక్కువ.

అమెరికాలో దీనికి ఒక ముందు అధ్యాయం ఉంది. 1970లు, 80లలో సోవియట్ యూనియన్‌లో యూదు పిల్లలకి ఇలాంటి వేడుక చేసుకునే వీలు లేకపోయేది. దేశం వదిలి వెళ్తామని అర్జీ పెట్టుకున్న కుటుంబాలని వేధించేవాళ్లు. అప్పుడు అమెరికా పిల్లలు అక్కడి ఒక పిల్లాడి పేరు తమ పేరుతో జత చేసుకుని, వేడుకలో ఆ పేరు కూడా పలికేవాళ్లు. ఉత్తరాలు రాసేవాళ్లు, అవి చేరినా చేరకపోయినా. 1985లో ఆకలి మీద పని చేయడానికి మాజోన్ అనే సంస్థ పెట్టినప్పుడు, వేడుక ఖర్చులో 3 శాతం పక్కనపెట్టి ఇవ్వండి అని అడిగింది. అది బాగా పాకింది. నా ఉద్దేశంలో ఆ 3 శాతం లెక్క చాలా తెలివైనది. పెళ్లిభోజనం లాంటి విందు పెట్టే తల్లిదండ్రులని నేరుగా తగులుతుంది, పిల్లని ఫొటోలకి నిలబెట్టదు.

ఎడిసన్ నాన్న
శనివారం, రాత్రి 9:10

ఆ 3 శాతం మన తెలుగు పెళ్లిళ్లకి పెడితే రెండు రాష్ట్రాల్లో ఆకలి ఉండదు.

జగిత్యాల శీను
ఆదివారం, తెల్లవారి 4:30

వల్లి అక్కా, నమస్తే. నేను ఇజ్రాయెల్‌లో, రమత్ గన్‌లో కేర్‌గివర్‌గా పని చేస్తున్నా. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ దిక్కు నుంచి మావాళ్లు చాలామందిమి ఇదే పనిలో ఉన్నాం. నేను చూసుకునే తాత ఇరాక్‌లో పుట్టిండు, 1951లో విమానంలో ఇక్కడికి వచ్చిన కుటుంబం. నడవలేడు, వీల్‌చైర్. కానీ పొద్దున ప్రార్థన మాత్రం మానడు. మా గల్లీ చివర చిన్న సినగాగ్ ఉంది, రోజూ నేనే తోసుకుని తీసుకుపోతా. అందుకే ఈ సంగతి గుళ్లో వెనక బెంచీ మీద కూర్చుని చూసినట్టే చెప్తా, పుస్తకంలో చదివి కాదు.

అక్కడ పదిమంది ఉంటేనే కొన్ని ప్రార్థనలు జరుగుతాయి. తోరా చదవాలన్నా పదిమంది, పోయినవాళ్ల కోసం చెప్పే కద్దీష్ అన్నా పదిమంది. తొమ్మిదిమంది పండితులు ఉన్నా కుదరదు. పదిమంది మామూలు మనుషులు ఉంటే కుదురుతుంది. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు, అది మంచిది కాదంటరు. కీర్తనల్లో పది మాటలున్న ఒక వాక్యం చెప్తూ మనిషికో మాట వేసుకుంటూ పోతరు. చివరి మాట మిగిలిపోతే అందరూ తలుపు దిక్కు చూస్తరు.

నేను రోజూ అక్కడే ఉంటా, కానీ నా మీద మాట పడదు. నేను వాళ్ల మతం కాదు కదా. నాకు బాధ లేదు, అది వాళ్ల పద్ధతి.

మా బిల్డింగ్‌లో మూడో అంతస్తులో ఒక పిల్లాడు ఉన్నడు. తాత భార్య పోయిన తిథి వచ్చింది. ఆ రోజు తొమ్మిదిమందే వచ్చిండ్రు. ఈ పిల్లాడు వాళ్ల నాన్నతో అక్కడే ఉన్నడు, హీబ్రూ అందరికంటే బాగా చదువుతడు. కానీ 13 నిండడానికి ఇంకా కొన్ని వారాలు ఉన్నయి. లెక్కలోకి రాడు. ఎదురుచూసి ఎదురుచూసి, తాత కద్దీష్ చెప్పకుండానే ఇంటికి వచ్చిండు. దారిలో ఒక్క మాట మాట్లాడలే.

తర్వాత ఆ పిల్లాడికి బార్ మిత్స్వా అయ్యింది. స్వీట్లు విసిరిండ్రు, చిన్నపిల్లలు కింద పడి ఏరుకున్నరు. అంతవరకు పండగే. ఆ తర్వాత వారం పొద్దున ఆరుంబావుకి ఎవరో పోయి వాళ్ల తలుపు కొట్టిండ్రు, ఒక మనిషి తక్కువ అని. వాడు నిద్ర కళ్లతో, జుట్టు కూడా దువ్వకుండా, ప్రార్థనప్పుడు కట్టుకునే, చేతికి ఎట్లా చుట్టాలో ఇంకా సరిగా రాని తెఫిలిన్ తోలుపట్టీ పట్టుకుని వచ్చిండు. పదో మాట వాడి మీద పడ్డది. ఎవరూ మెచ్చుకోలే, చప్పట్లు కొట్టలే. ప్రార్థన మొదలుపెట్టిండ్రు, అంతే. ఇప్పుడు వారానికి ఒకట్రెండుసార్లు వాడి తలుపు కొడుతనే ఉంటరు. వాళ్ల అమ్మ విసుక్కుంటది, బడికి లేటు అయితుందని.

నా మటుకు నాకు ఆ పిల్లాడు చేసేదే సేవ. ఎవరో ఒకాయన భార్య కోసమో నాన్న కోసమో నాలుగు మాటలు చెప్పుకోవాలంటే వీడు లేవాలె. పాపకి కూడా అట్లాంటిది ఏమన్నా దొరుకుతదేమో చూడండి అక్కా.

వాదం వేంకటేశం
ఆదివారం, ఉదయం 7:40

శీనూ, ఈ థ్రెడ్‌కి నీ పోస్ట్ చాలు. వల్లి గారూ, పాపకి తెలుగు చదవడం వచ్చా? రాకపోతే మీరు చదివి వినిపించండి.

తెనాలి వల్లి
ఆదివారం, సాయంత్రం 6:15

చదివి వినిపించాను శీనూ. పాప మొదట అడిగిన ప్రశ్న: "ఆ సినగాగ్‌లో నేను లెక్కకి వస్తానా?"

రాదు. రెండు కారణాలకి రాదు. ఒకటి అమ్మాయి కావడం. మా రిఫార్మ్ వాళ్ల దగ్గర ఆడ మగ తేడా లేదు, కన్సర్వేటివ్ అనే మధ్య శాఖలో 1973 నుంచి ఆడవాళ్లని పదిమందిలో కలుపుకోవచ్చన్నారు. పాత పద్ధతిని గట్టిగా పట్టుకునే ఆర్థడాక్స్ వాళ్లు ఇప్పటికీ కలుపుకోరు. రెండోది నేను. శాస్త్రం ప్రకారం తల్లి యూదు అయితేనే పిల్ల యూదు. అమెరికా రిఫార్మ్ రబ్బీలు (మతగురువులు) 1983లో తల్లి అయినా తండ్రి అయినా ఒకరు చాలన్నారు, అయితే పిల్ల పుట్టుకతో ఆగకుండా నలుగురి ఎదుటా ఆ దారిలో నడవాలి, పేరు పెట్టుకోవడం, చదువుకోవడం, బాట్ మిత్స్వా లాంటివి చేయాలని షరతు పెట్టారు. వేంకటేశం గారూ, వేడుక చేసినా చేయకపోయినా ఒకటే అన్నారు మీరు. మా పాప విషయంలో అంత తేలిక కాదు. మా ఇంట్లో ఆ వేడుకకి ఉన్న బరువు వేరు.

మావారి పెదనాన్నగారిది బ్రూక్లిన్‌లో ఆర్థడాక్స్ కుటుంబం. ఆయన పోయినప్పుడు ఏడు రోజులు ఆ ఇంట్లో జరిగిన ప్రార్థనలకి వెళ్లాం. మావారిని లెక్కలో వేసుకున్నారు. మా పాపని ఎప్పటికీ వేసుకోరు. నేను వంటింట్లో ప్లేట్లు సర్దుతూ ఆ సంగతి ఆలోచించాను, ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు పాపే అడిగింది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాం. కాసేపు ముఖం ముడుచుకుని, "మరి మన దగ్గర వస్తాను కదా" అంది.

హైఫా పోస్ట్‌డాక్
ఆదివారం, రాత్రి 7:05

పాపకి జుడిత్ కాప్లన్ సంగతి చెప్పండి. 1922 మార్చి 18న న్యూయార్క్‌లో బాట్ మిత్స్వా చేసుకున్న అమ్మాయి. అమెరికాలో మొదటిదిగా అందరూ చెప్పుకునేది అదే. వాళ్ల నాన్న రబ్బీ మోర్దెకై కాప్లన్. అప్పుడు కూడా చుట్టలోంచి చదవనివ్వలేదు, కాస్త దూరంగా నిలబడి అచ్చు పుస్తకంలోంచి చదివింది. తర్వాత సంగీతం చదువుకుని, సంగీతమే బోధించింది. 82వ ఏట మళ్లీ ఒకసారి బాట్ మిత్స్వా చేసుకుంది. ఒక నిండు ఆయుష్షు 70 ఏళ్లనుకుని, దాని మీద ఇంకో 13 లెక్కేసి, 83కి రెండోసారి చేసుకునే వాడుక ఉందిలెండి. ఆవిడ ఏడాది ముందే కానిచ్చింది.

మోడరేటర్
ఆదివారం, రాత్రి 9:00

గాజా యుద్ధం గురించి వచ్చిన వ్యాఖ్యలని అంతర్జాతీయ విభాగంలోకి మార్చాను. ఆ చర్చ అక్కడ చేసుకోండి, ఎవరినీ ఆపడం లేదు. ఇక్కడ ఒక తల్లి తన కూతురి గురించి అడిగారు.

ఠాణే మామి
సోమవారం, ఉదయం 11:10

మా ఆయన ఉద్యోగం వల్ల ఠాణేలో స్థిరపడ్డాం. మా వీధికి దగ్గరలోనే 1879 నాటి సినగాగ్ ఉంది. ఇక్కడివాళ్లు బెనె ఇజ్రాయెల్ అని, కొంకణ్‌లో తరాలుగా గానుగ నూనె తీసేవాళ్లు. శనివారం గానుగ ఆపేసేవాళ్లు కాబట్టి ఊళ్లోవాళ్లు శనివార్ తేలీ అని పిలిచేవాళ్లట. మరాఠీ మాట్లాడతారు. ఏ శుభకార్యానికైనా మలీదా అని చేస్తారు. తడిపిన అటుకుల్లో బెల్లమో చక్కెరో, కొబ్బరి కోరు, పైన పళ్లు. ఏలియా ప్రవక్త పేరు చెప్పి పంచుతారు. నాకు పెట్టినప్పుడల్లా కృష్ణాష్టమే గుర్తొస్తుంది.

వీళ్లలో చాలామంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు తక్కువ కాబట్టి పని ఎక్కువ. వీళ్లకి మొదట్నుంచీ రబ్బీలు లేరు, ప్రార్థన చదివించే హజాన్‌లతోనే గడుపుకొచ్చారు. మా ఎదురింటి కుర్రాడు బార్ మిత్స్వా అయిన దగ్గర్నుంచి పండగలకి కుర్చీలు వేయడం, పెద్దావిడలని ఆటోలో తీసుకురావడం, శ్మశానానికి వెళ్లాల్సి వస్తే వెళ్లడం, అన్నీ చేస్తాడు. దాన్ని ప్రాజెక్ట్ అంటే వాడికి నవ్వొస్తుంది. కొచ్చిలో అయితే ఇంకా కష్టం. అక్కడివాళ్లు 1950ల్లోనే ఎక్కువమంది వెళ్లిపోయారు, పరదేశి సినగాగ్‌లో పదిమంది కావాలంటే చూడ్డానికి వచ్చిన టూరిస్టులలో యూదులెవరైనా ఉన్నారా అని వెతుక్కునే పరిస్థితి వచ్చింది.

చేబ్రోలు కుర్రాడు
సోమవారం, సాయంత్రం 5:45

వల్లి అక్కా, తెనాలి అంటున్నారు కాబట్టి రాస్తున్నా. మా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులు ఉన్నారు, తెలుసు కదా? బెనె ఎఫ్రాయిం అంటారు తమని తాము. 1990ల మొదట్లో అక్కడ సమాజమందిరం పెట్టుకున్నారు. పాత ఇజ్రాయెల్ తెగల్లో ఒకటైన ఎఫ్రాయిం గోత్రం వాళ్లమని వాళ్ల నమ్మకం, ఇజ్రాయెల్ ప్రభుత్వం మాత్రం ఇంకా గుర్తించలేదు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలు, పొలం పనులకి వెళ్లేవాళ్లు. నేను వాళ్లలో ఒకడిని కాదు, పక్క ఊరివాడిని. మా అత్తయ్య వాళ్ల వీధి నుంచి శనివారం పాటలు వినిపిస్తాయి, హీబ్రూలో కొన్ని, తెలుగులో కొన్ని.

నాకు తోచింది ఒకటే. రోజు కూలీ మీద బతికే ఇంట్లో శనివారం పని మానడం అంటే ఆ రోజు కూలి పోగొట్టుకోవడం. మిరపకోతల టైంలో మేస్త్రి శనివారం రానివాళ్లని ఆదివారం కూడా పిలవడు. పదమూడేళ్ల పిల్లాడు ఆ సంగతి తెలిసి శనివారం మందిరానికి వెళ్లాడంటే వాడు పెద్దవాడైనట్టే, వేరే వేడుక అక్కర్లేదు.

అలాగని అక్కడికి డబ్బు పంపండి అని నేను అనను. విదేశాల నుంచి వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లేవాళ్లని ఆ ఊరు చాలామందిని చూసింది. పాపకి ఇష్టమైతే అక్కడి పిల్లలతో తెలుగులో మాట్లాడించండి. అమ్మ భాషా ఒకటే, ప్రార్థనా ఒకటే. అలాంటి స్నేహితులు ఫిలడెల్ఫియాలో దొరకరు.

కాల్గరీ కామాక్షి
సోమవారం, రాత్రి 8:00

మరి వల్లి వాళ్ల బడి మాటేమిటి? అందరూ కలిసి దాన్ని పక్కకి నెట్టేశారు. బెంచీలు లేకుండా నేల మీద కూర్చునే పిల్లలకి, ఆ డబ్బు ఏ పిల్ల టెన్షన్ పడి సంపాదించిందో అక్కర్లేదు. బెంచీ వస్తే చాలు. ఇచ్చే చెయ్యి ఎంత పవిత్రం అన్న చర్చ ఇచ్చేవాళ్ల సరదా.

వాదం వేంకటేశం
సోమవారం, రాత్రి 9:25

కామాక్షి గారి మాటలో బలం ఉంది. యూదు శాస్త్రం కూడా మీ పక్కనే: మనసు ఎలా ఉన్నా పేదవాడికి ఇవ్వాల్సింది ఇవ్వాలి, అది దయ కాదు, బాకీ. అయితే ఇచ్చే తీరుకి మెట్లు కట్టినవాడు ఉన్నాడు. 12వ శతాబ్దంలో మైమొనిదీస్ అనే యూదు పండితుడు ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికంటే కింద, ముఖం మాడ్చుకుని ఇవ్వడం. పైనుంచి రెండోది, ఎవరు ఇచ్చారో తీసుకున్నవాడికి, ఎవరికి చేరిందో ఇచ్చినవాడికి తెలియకపోవడం. దాతల పేర్లు వరసగా కనపడే ఆన్‌లైన్ పేజీ ఏ మెట్టు మీద ఉంటుందో మీరే చూసుకోండి. అన్నిటికంటే పైమెట్టు, మనిషి చెయ్యి చాచే అవసరమే రాకుండా చేయడం. అప్పు ఇచ్చో, పని ఇప్పించో, వ్యాపారంలో భాగం ఇచ్చో.

ఆ పైమెట్టుకి ఆయన ఆధారంగా చూపించిన వాక్యం ఎక్కడిదో తెలుసా? వల్లి గారి పాప చదవబోయే అధ్యాయంలోనిదే. నీ సోదరుడు చితికిపోయి నీ దగ్గరికి వస్తే వాడిని నిలబెట్టు అని. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ దానికి గాడిదని ఉదాహరణగా చెప్పాడు. గాడిద మీద బరువు ఒరిగిపోతున్నప్పుడు ఒక్కడు పట్టుకుంటే చాలు, నిలుస్తుంది. నేల మీద పడ్డాక ఐదుగురు వచ్చినా లేపలేరు. పాప ప్రసంగానికి నా వంతు సాయం ఇది, ఫీజు అక్కర్లేదు.

హైఫా పోస్ట్‌డాక్
మంగళవారం, ఉదయం 9:30

అదే అధ్యాయంలో ఆ వెంటనే వడ్డీ తీసుకోవద్దని కూడా ఉంది. అందుకే యూదుల దగ్గర వడ్డీ లేని అప్పు పెద్ద సంప్రదాయం. న్యూయార్క్‌లో హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ 1892లో మొదలైంది, కుట్టుమిషన్లు, తోపుడుబండ్లు కొనుక్కునే వలస జనం కోసం. ఇక్కడైతే గల్లీకో గెమాఖ్, అంటే అరువిచ్చే చోటు ఉంటుంది. డబ్బు ఒక్కటే కాదు, ఒకావిడ ఇంట్లో పెళ్లిబట్టలు అరువిస్తుంది, ఇంకొకరి దగ్గర మడత కుర్చీలు, పసిపిల్లల ఉయ్యాలలు. వాడుకుని తిరిగి ఇచ్చేయడమే.

జగిత్యాల శీను
మంగళవారం, మధ్యాహ్నం 2:10

అన్నా, తాత కాలు విరిగినప్పుడు వాకర్ నేను యాద్ సారా నుంచే తెచ్చిన. 1976ల పెట్టిన సంస్థ, ఎక్కువమంది వలంటీర్లే. డిపాజిట్ కట్టి తెచ్చుకోవాలె, తిరిగి ఇచ్చినప్పుడు డిపాజిట్ వాపస్. యూదులా, అరబ్బులా, నాలాంటి బయటి దేశపోళ్లా అని చూడరు. కౌంటర్ దగ్గర ఒక ముసలాయన వీల్‌చైర్ల స్క్రూలు బిగిస్తూ ఉంటడు, ఆయన పక్కన బడి పిల్లలు చక్రాలు తుడుస్తుంటరు. మా జగిత్యాలలో కూడా ఒకటి ఉంటే ఎంత బాగుండు. ఆపరేషన్ అయ్యాక నెల రోజుల కోసం మంచం, వాకర్ కొని, తర్వాత అటక మీద పడేసిన ఇండ్లు ఎన్ని లేవు?

ఎడిసన్ నాన్న
మంగళవారం, సాయంత్రం 6:40

శీను చెప్పింది వల్లి గారి అత్తగారికి నచ్చుతుంది. తెనాలిలో కూడా పనికొస్తుంది. ఆలోచించండి.

తెనాలి వల్లి
శుక్రవారం, సాయంత్రం 4:50

చీకటి పడేలోపు రాసేస్తున్నా.

పాప, వాళ్ల నానమ్మ కలిసి తేల్చుకున్నారు, నన్ను అడగలేదు. మా సినగాగ్‌లో ఎవరింట్లోనైనా మనిషి పోతే, ఆ ఏడు రోజులూ సాయంత్రం ప్రార్థనకి మనుషులు సరిపడా వచ్చేలా చూసుకునే ఒక చిన్న బృందం ఉంది. కుర్చీలు, ప్రార్థన పుస్తకాలు డబ్బాల్లో వేసుకుని ఆ ఇంటికి తీసుకెళ్తారు, అయ్యాక తెచ్చేస్తారు. ఎక్కువమంది రిటైరైనవాళ్లు. పాప ఇప్పట్నుంచి నానమ్మతో వెళ్లి పుస్తకాలు పంచుతుంది, మే తర్వాత పదిమందిలో తనూ ఒకత్తి అవుతుంది. రబ్బీ గారు వెంటనే సరే అనలేదు. చావు ఇంటికి పిల్లని పంపడం మీకు ఇష్టమేనా అని నన్ను విడిగా పిలిచి అడిగారు. మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే ఆవిడా అదే అంది, ఇంకొంచెం గట్టిగా. నాకూ గుబులుగానే ఉంది. కానీ మొన్న ఒక ఇంటికి వెళ్లొచ్చింది, ఆ ఇంటావిడ తన భర్త ఫొటో ఆల్బం అంతా పాపకి చూపించిందట. తిరిగొచ్చేటప్పుడు కారులో దాని గురించే మాట్లాడింది.

బడి సంగతి మా నాన్నగారు, నేను చూసుకుంటాం, పాప పేరు లేకుండా. కామాక్షీ, నువ్వన్నది నిజం, బెంచీలకి ఎవరి పేరైతేనేం. విందు ఖర్చులో 3 శాతం కూడా తీయాలని మావారు పట్టుబట్టారు. అది ఎటు పంపాలన్నది ఇంకా తేలలేదు. తెనాలిలో వాకర్లు, మంచాలు అరువిచ్చే గది పెడదామని నేను, ఇక్కడి ఫుడ్ బ్యాంక్‌కి ఇద్దామని ఆయన. నడుస్తోంది.

ప్రసంగంలో గాడిద ఉంది వేంకటేశం గారూ.

చేబ్రోలు కుర్రాడు
శనివారం, ఉదయం 7:15

గది పెడితే చెప్పండి అక్కా. మా ఇంట్లో నాయనమ్మ మంచం ఒకటి ఖాళీగా ఉంది, పైకీ కిందకీ తిప్పే రకం. ఆటోలో వేసుకొస్తా.

ఎడిసన్ నాన్న
ఆదివారం, రాత్రి 8:20

చివరిగా ఒక డౌట్. మా చిన్నదానికి కూడా ఈ ఏడాది నుంచి పిలుపులు మొదలయ్యాయి. కవర్లో ఎంత పెట్టాలి? మనలా 116 అంటే నవ్వుతారేమో.

తెనాలి వల్లి
ఆదివారం, రాత్రి 9:05

నవ్వరు, వాళ్లకీ ఇలాంటి లెక్కే ఉంది. 18 గుణిజాల్లో ఇస్తారు, 36, 54, 180 అలా. హీబ్రూలో ప్రాణం అన్న మాటకి అక్షరాల విలువ 18. మీ అమ్మాయి క్లాస్‌మేట్‌కి 36 గానీ 54 గానీ చాలు. ఒక్క జాగ్రత్త: వాళ్లు షబ్బాత్ గట్టిగా పాటించే కుటుంబమైతే శనివారం సినగాగ్‌కి కవరు తీసుకెళ్లకండి. ఆ రోజు డబ్బు ముట్టుకోరు. ముందే ఇంటికి పంపేయండి, లేకపోతే ఆదివారం ఇవ్వండి.